సోషల్ మీడియాకు కొన్నాళ్లు విరామం: తరచుగా అడిగే ప్రశ్నలు

వారమో, నెలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ గ్రూపుల నుంచి పక్కకు జరగాలనుకునేవారి కోసం రాసిన పేజీ ఇది. విరామం మూడో రోజుకే చెడిందంటే కారణం చాలాసార్లు సన్నాహంలోనే దొరుకుతుంది. ఏది మూయాలి, ఏది తెరిచి ఉంచాలి అన్నది ముందే తేల్చుకోకపోతే ఎంత పట్టుదల ఉన్నా నిలవదు. అందుకే ఇక్కడ బటన్ల గురించి, సెట్టింగ్‌ల గురించి ఎక్కువ చెప్పాం. యాప్‌లు అప్‌డేట్ అయినప్పుడు మెనూల పేర్లు కాస్త అటూఇటూ మారుతుంటాయి. ఆ దరిదాపుల్లోనే వెతికితే దొరుకుతాయి.

విరామం అంటే ఖాతా మూసేయాల్సిందేనా?

అక్కర్లేదు. ఇందులో మూడు మెట్లున్నాయి. మొదటిది లాగౌట్ చేసి, ఫోన్లోంచి యాప్ తీసేయడం. మీ ప్రొఫైల్, పాత ఫొటోలు అందరికీ ఎప్పటిలాగే కనిపిస్తుంటాయి, మీరు అక్కడికి వెళ్లరు, అంతే. రెండోది డీయాక్టివేట్. ఖాతా తాత్కాలికంగా కనుమరుగవుతుంది, మళ్లీ లాగిన్ అయితే అన్నీ తిరిగొస్తాయి. మూడోది డిలీట్. గడువు దాటాక ఫొటోలు, మెసేజ్‌లు, పేరు ఏవీ తిరిగి రావు.

మొదటిసారి విరామం తీసుకునేవారికి మొదటి మెట్టు చాలని మా అభిప్రాయం. ఎవరైనా అదేపనిగా ట్యాగ్ చేస్తూ వేధిస్తున్నా, యాప్ తీసేసినా వేళ్లు వాటంతటవే పాస్‌వర్డ్ కొట్టేస్తున్నా అప్పుడు డీయాక్టివేట్ చేయండి. కోపంలోనో దిగులులోనో ఉన్న రాత్రి మాత్రం డిలీట్ జోలికి పోవద్దు.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

తేదీ వేసుకుని మొదలుపెట్టండి. "కొన్నాళ్లు" అనుకుంటే అది మూడు రోజులకే పూర్తయిపోతుంది.

వారం రోజులకే తేడా తెలుస్తుందనడానికి ఆధారం ఉంది. బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 18 నుంచి 72 ఏళ్ల వయసున్న 154 మందిని తీసుకుని, కొందరిని వారం పాటు సోషల్ మీడియాకు దూరంగా ఉండమన్నారు. ఆ వారం గడిచేసరికి వారిలో ఆందోళన, దిగులు తగ్గినట్టు 2022లో ప్రచురించారు. ఇంకాస్త పొడవైన ప్రయోగం అమెరికాలో 2018 ఎన్నికల ముందు జరిగింది. నాలుగు వారాలు ఫేస్‌బుక్ డీయాక్టివేట్ చేసిన వారికి రోజుకు సగటున గంట సమయం మిగిలింది. మనసుకు కొంత హాయి పెరిగింది, అయితే ఆ పెరుగుదల చిన్నదే. వార్తల పరిజ్ఞానం మాత్రం తగ్గింది. గడువు ముగిశాక కూడా వాళ్లు ముందున్నంతగా ఫేస్‌బుక్ వాడలేదు. మాకు ముఖ్యంగా అనిపించేది ఈ చివరి మాటే.

కాబట్టి మొదటిసారి 7 రోజులు, కుదిరితే 28 రోజులు. సంక్రాంతి ముందో, ఇంట్లో పెళ్లి పెట్టుకునో మొదలుపెట్టకండి. బంధువుల ఫొటోలన్నీ గ్రూపులోనే వస్తాయి, చూడక తప్పదు. ఆదివారం కూడా మంచి ముహూర్తం కాదు. చేతిలో పని ఉన్న వారం మధ్యరోజు మేలు.

మొదలుపెట్టే ముందు ఏమేం సర్దుకోవాలి?

ఒక గంట కేటాయించండి. తర్వాత వచ్చే చిక్కుల్లో చాలావరకు ఈ గంటలోనే తప్పుతాయి.

ముందుగా లాగిన్ సంగతి. మీ ఖాతాలకు ఉన్న ఫోన్ నంబరు, ఈమెయిలు ఇప్పటివేనా చూసుకోండి. పాత సిమ్ నంబరు ఉండిపోయి ఉంటే తిరిగొచ్చేటప్పుడు ఓటీపీ ఆ నంబరుకే పోతుంది. రీచార్జి చేయకుండా వదిలేసిన నంబరు కొన్నాళ్లకు మరొకరి చేతికి వెళ్తుందన్నది గుర్తుంచుకోండి. రెండంచెల భద్రత (పాస్‌వర్డ్‌తో పాటు మరో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకుని ఉంటే బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. వాటిని స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్లో ఉంచితే, ఫోన్ పోయిన రోజున కోడ్‌లూ పోతాయి.

రెండోది, "ఫేస్‌బుక్‌తో లాగిన్" అని మీరు ఏయే యాప్‌లలోకి వెళ్తున్నారో చూడండి. ఫేస్‌బుక్ సెట్టింగ్‌లలో యాప్స్ అండ్ వెబ్‌సైట్స్ అనే చోట ఆ జాబితా ఉంటుంది. ఆటలు, సంగీతం యాప్‌లు, షాపింగ్ సైట్లు బయటపడతాయి. ఒక్కో దానిలోకి వెళ్లి ఈమెయిలు, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యేలా మార్చండి. ఈ పని చేయకుండా డీయాక్టివేట్ చేస్తే, ఏదో ఆటలోకి వెళ్లడానికి ఆ బటన్ నొక్కగానే ఫేస్‌బుక్ ఖాతా మళ్లీ తెరుచుకుంటుంది. మీకు ఆ సంగతి కూడా తెలియకపోవచ్చు.

మూడోది పుట్టినరోజులు. చాలామందికి అవి ఫేస్‌బుక్ చెబితేనే గుర్తొస్తాయి. రాబోయే నెలవి క్యాలెండర్‌లోకో, గోడ మీది పంచాంగం క్యాలెండర్ మీదికో ఎక్కించుకోండి.

చివరిగా, అక్కడ మాత్రమే ఉన్న ఫోన్ నంబర్లు. మెసెంజర్‌లో మాత్రమే పలకరించుకునే స్నేహితులుంటే నంబరు అడిగి సేవ్ చేసుకోండి. ఫొటోల నకలు కావాలంటే డౌన్‌లోడ్ యువర్ ఇన్ఫర్మేషన్ నుంచి తీసుకోవచ్చు. పెద్ద ఖాతాలకు ఫైలు తయారవడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. డౌన్‌లోడ్ లింకు కూడా కొద్ది రోజులే పనిచేస్తుంది. అందుకే ఈ ఒక్క పనిని వారం ముందే మొదలుపెట్టండి.

ఫేస్‌బుక్ డీయాక్టివేట్ చేయడం ఎలా? ఏం మిగిలిపోతుంది?

సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్, అందులో పర్సనల్ డీటెయిల్స్, అందులో అకౌంట్ ఓనర్‌షిప్ అండ్ కంట్రోల్, అక్కడ డీయాక్టివేషన్ ఆర్ డిలీషన్. ఖాతా ఎంచుకున్నాక రెండు ఎంపికలు వస్తాయి. పైన ఉన్న డీయాక్టివేట్ నొక్కాలి. కింద ఉన్న డిలీట్ నొక్కితే 30 రోజుల్లోగా లాగిన్ అయి రద్దు చేసుకోకపోతే ఖాతా శాశ్వతంగా పోతుంది.

మధ్యలో మెసెంజర్ కొనసాగించాలా అని అడుగుతుంది. "అవును" అంటే మీ పేరు, ఫొటో మెసెంజర్‌లో కనిపిస్తూనే ఉంటాయి, సందేశాలు వస్తూనే ఉంటాయి. చాలామంది ఇక్కడ గమనించకుండా దాటిపోతారు. కొన్ని రోజుల తర్వాత ఖాతాను తనంతట తానే తెరిచే ఎంపిక కూడా ఒకటి ఉంటుంది, దాన్ని వద్దనండి. ఎప్పుడు తెరవాలో మీరే నిర్ణయించుకోవాలి.

ఇతరులకు మీరు పంపిన మెసేజ్‌లు వాళ్ల ఇన్‌బాక్స్‌లో అలాగే ఉంటాయి. ఒక పేజీకి మీరొక్కరే అడ్మిన్ అయితే ఆ పేజీ కూడా కనిపించకుండా పోతుంది.

ఇన్‌స్టాగ్రామ్ సంగతేమిటి?

దారి అదే, అకౌంట్స్ సెంటర్ నుంచే. ఒక్క నియమం గుర్తుంచుకోండి: డీయాక్టివేట్ వారానికి ఒకసారి మాత్రమే చేయనిస్తారు. సోమవారం మూసి, బుధవారం ఆగలేక తెరిస్తే, వెంటనే మళ్లీ మూయడానికి వీలుండదు. ఆ మిగిలిన రోజుల్లోనే విరామం పూర్తిగా గట్టు తెగుతుంది. అలా జరిగితే యాప్ తీసేసి, వారం తిరిగేదాకా లాగౌట్‌తో నెట్టుకురండి.

ఎక్స్ (పాత ట్విటర్), స్నాప్‌చాట్, లింక్డ్‌ఇన్, టెలిగ్రామ్?

ఇక్కడ జాగ్రత్త. "డీయాక్టివేట్" అన్న మాటకు అన్నిచోట్లా ఒకే అర్థం లేదు. స్నాప్‌చాట్‌లో డీయాక్టివేట్ అయిన ఖాతా 30 రోజులకు శాశ్వతంగా పోతుంది. ఎక్స్‌లో కూడా డీయాక్టివేషన్ డిలీట్‌కు తొలి మెట్టే. ఈ రెండింటిలో నెల రోజుల విరామం కావాలంటే డీయాక్టివేట్ జోలికి పోకుండా లాగౌట్ చేసి యాప్ తీసేయండి. స్నాప్‌చాట్‌లో స్ట్రీక్‌లు (స్నేహితులు రోజూ స్నాప్‌లు పంపుకుంటే పెరిగే లెక్క) పోతాయి, వాటిని కాపాడమని స్నేహితుడికి పాస్‌వర్డ్ ఇవ్వకండి.

లింక్డ్‌ఇన్‌లో హైబర్నేట్ అనే ఎంపిక ఉంది, అది నిజమైన తాత్కాలిక మూసివేతే. ఉద్యోగం వెతుకుతున్నవారు మాత్రం ఆ పని చేయకండి, నోటిఫికేషన్లు ఆపితే సరిపోతుంది.

టెలిగ్రామ్‌లో, ఇన్ని నెలలు కనిపించకపోతే ఖాతా తీసేయమనే సెట్టింగ్ ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద ఉంటుంది. అది తక్కువ గడువుకు పెట్టి ఉందేమో చూసుకుని, అవసరమైతే పెంచండి.

వాట్సాప్ మానేయలేను. ఆఫీసు, పిల్లల బడి, అపార్ట్‌మెంట్, అమ్మ… అన్నీ అందులోనే. ఏం చేయాలి?

మానేయొద్దు. వాట్సాప్‌ను మళ్లీ ఫోన్‌గా, ఉత్తరంగా మార్చుకోవడమే ఇక్కడ పని.

ముందు చేయకూడనిది చెప్తాం. డిలీట్ అకౌంట్ నొక్కకండి. వాట్సాప్‌లో డీయాక్టివేట్ బటన్ లేదు కాబట్టి కొందరు విరామం అనుకుని దీన్ని నొక్కేస్తారు. పాత సంభాషణలన్నీ చెరిగిపోతాయి, అన్ని గ్రూపుల నుంచి పేరు పోతుంది, గూగుల్‌లో ఉన్న బ్యాకప్ కూడా పోతుంది. యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేయడం వేరు. ఖాతా ఉంటుంది, మీకు మెసేజ్ పంపినవారికి ఒకే టిక్కు కనిపిస్తుంది. అయితే అలా అందకుండా ఉన్న సందేశాలు సర్వర్‌లో 30 రోజులే ఉంటాయి, ఆ తర్వాత తీసేస్తారు. 120 రోజులు అసలు వాడకపోతే ఖాతాయే పోవచ్చు. అన్‌ఇన్‌స్టాల్ చేయదలిస్తే ముందు చాట్ బ్యాకప్ తీసి, నెలలోపే తిరిగి పెట్టుకోండి.

తెరిచి ఉంచే దారి ఇలా ఉంటుంది. మీ గ్రూపులన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కో పేరు పక్కన, ఈ గ్రూపులో కబురు ఒకరోజు ఆలస్యంగా తెలిస్తే నష్టమేమిటో రాయండి. నీళ్ల ట్యాంకరు, బడి హోంవర్కు, ఆఫీసు షిఫ్టు లాంటివి నాలుగైదు మిగులుతాయి. వాటిని పిన్ చేయండి. పదో తరగతి బ్యాచ్, కులం గ్రూపు, రాజకీయాల గ్రూపు, శుభోదయం ఫొటోల గ్రూపు, ఇవన్నీ మ్యూట్‌లో ఆల్వేస్ పెట్టి, ఆర్కైవ్ చేయండి. సెట్టింగ్స్‌లో చాట్స్ కింద కీప్ చాట్స్ ఆర్కైవ్డ్ ఆన్‌లో ఉండాలి. లేకపోతే కొత్త మెసేజ్ రాగానే ఆ గ్రూపు మళ్లీ పైకి తేలుతుంది. ఆర్కైవ్‌లో ఉన్నా మీ పేరును ట్యాగ్ చేస్తే, మీ మెసేజ్‌కు జవాబిస్తే కబురు వస్తుంది. కాబట్టి నిజంగా అవసరమైనప్పుడు మిమ్మల్ని పిలిచే దారి ఉంది.

తర్వాత, సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ కింద విడి మెసేజ్‌లకూ గ్రూపులకూ వేర్వేరు టోన్లు ఉంటాయి. గ్రూపుల టోన్ దగ్గర ‘నన్’ (None, ఏదీ వద్దు) ఎంచుకోండి, వైబ్రేషన్ ఆపండి. వాట్సాప్ కాల్స్ మోగనివ్వండి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లలతో అమ్మానాన్నలకు అదే ఆసరా. మీడియా ఆటోడౌన్‌లోడ్ ఆపేస్తే ఫార్వర్డ్ వీడియోలు వాటంతటవి ఫోన్లోకి దిగవు.

స్టేటస్‌లే అసలు ఊబి. అవతలివారి స్టేటస్ మీద వేలు నొక్కిపట్టి మ్యూట్ చేయవచ్చు, కానీ రెండు వందల మందికి అలా చేయలేరు. అప్‌డేట్స్ ట్యాబ్‌కే వెళ్లనని నియమం పెట్టుకోవడం సులువు. చానల్స్ అనుసరిస్తుంటే అన్‌ఫాలో చేయండి.

రోజుకు రెండు వేళలు పెట్టుకోండి. మధ్యాహ్నం 1.30, రాత్రి 8. ఒక్కోసారి పది నిమిషాలు. లాప్‌టాప్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే లింక్డ్ డివైసెస్‌లోంచి తీసేయండి. ఫోన్లో ఎంత కట్టడి చేసినా ఆఫీసు టేబుల్ మీద అది తెరుచుకుని ఉంటే ఫలితం ఉండదు.

గ్రూపులోంచి వెళ్లిపోతే అందరికీ తెలిసిపోతుందా?

గ్రూపులో అందరికీ కబురు వెళ్లదు. 2022 నుంచి అడ్మిన్లకు మాత్రమే తెలుస్తోంది. గతంలో ఉన్న సభ్యుల జాబితాలో 60 రోజుల పాటు పేరు కనిపిస్తుంది, వెతికి చూసినవారికి. తాత్కాలిక విరామానికి ఎగ్జిట్ కొట్టాల్సిన అవసరం లేదు. ముఖ్యంగా బంధువుల గ్రూపులో. మేనత్త అడ్మిన్‌గా ఉన్న గ్రూపులోంచి చెప్పకుండా వెళ్తే ఆ మాట పండక్కి ఊరెళ్లినప్పుడు కూడా వస్తుంది.

బంధువులు, స్నేహితులు ఏమనుకుంటారో? ఎలా చెప్పాలి?

ముందురోజు ఒక్క సందేశం. కారణాలు వివరించాల్సిన పనిలేదు, క్షమాపణ అసలే వద్దు. ఉదాహరణకు:

"వచ్చే నెల 5 వరకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాలో ఉండను. వాట్సాప్ రాత్రి 8కి ఒకసారి చూస్తాను. అత్యవసరమైతే ఫోన్ చేయండి."

దీన్ని వాట్సాప్ అబౌట్‌లో కూడా క్లుప్తంగా పెట్టవచ్చు. అందరికీ పంపడంకంటే దగ్గరి పది పదిహేనుమందికి విడిగా పంపితే మన్నన ఉంటుంది.

ఇప్పుడు శుభలేఖలూ చావుకబుర్లూ వాట్సాప్‌లోనే వస్తున్నాయి. అందుకని ఇంట్లో ఒకరిని, అక్కో బావో పిన్నో, ముందే అడిగి పెట్టండి: "ఎవరింట్లోనైనా మంచీ చెడూ జరిగితే నాకు ఫోన్ చెయ్యి." ఈ ఒక్క ఏర్పాటుతో, ఏదో ముఖ్యమైనది తప్పిపోతోందేమోనన్న గుబులు సగం తగ్గుతుంది. విరామం అయ్యాక పుట్టినరోజు మరచిపోయారని ఎవరైనా నొచ్చుకుంటే ఫోన్ చేసి మాట్లాడండి. ఫేస్‌బుక్ వాల్ మీద రాసిన శుభాకాంక్షలకంటే అది ఎక్కువ.

యాప్ తీసేశాను. అయినా చూస్తూనే ఉన్నాను. ఎక్కడ తప్పు జరుగుతోంది?

మామూలుగా ఈ చోట్లలోనే.

బ్రౌజరు. యాప్ పోయినా క్రోమ్‌లో లాగిన్ అలాగే ఉంటుంది, పాస్‌వర్డ్ కూడా సేవ్ అయి ఉంటుంది. బ్రౌజరులో లాగౌట్ చేసి, సేవ్ చేసిన పాస్‌వర్డ్ చెరిపేయండి. పాస్‌వర్డ్‌ను పొడవైనదిగా మార్చి, కాగితం మీద రాసి, రోజూ చేయి పెట్టని చోట దాచండి. గుర్తున్న పాస్‌వర్డ్ ఉంటే లాగౌట్‌కు అర్థం లేదు.

ఫోన్‌తోపాటు వచ్చిన యాప్. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫేస్‌బుక్ ముందే వేసి ఇస్తారు, అన్‌ఇన్‌స్టాల్ బటన్ రాదు. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి డిసేబుల్ చేయండి. యూట్యూబ్‌కూ ఇదే దారి.

ఈమెయిళ్లు, ఎస్సెమ్మెస్‌లు. మీరు కనిపించకపోతే "ఫలానావారు ఫొటో పెట్టారు" అంటూ మెయిళ్లు పెరుగుతాయి. మెయిల్ అడుగున ఉండే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కండి.

అన్నిటికంటే పెద్దది, ప్రత్యామ్నాయం. ఇన్‌స్టా రీల్స్ మానేసిన వేలు యూట్యూబ్ షార్ట్స్ మీదకు వెళ్తుంది. అది కాకపోతే క్రికెట్ స్కోరు, షాపింగ్ యాప్, రియల్ ఎస్టేట్ వీడియోలు. విరామం జాబితాలో షార్ట్స్‌ను కూడా చేర్చకపోతే మీరు మానేసింది ఒక యాప్ గుర్తును (ఐకాన్) మాత్రమే. యూట్యూబ్ పాఠాలకో వంటలకో కావాలనుకుంటే వాచ్ హిస్టరీ ఆపి, పాత హిస్టరీ కూడా తుడిచేయండి. అప్పుడు హోమ్ పేజీ దాదాపు ఖాళీగా వస్తుంది, కావలసింది వెతుక్కుని చూడాల్సి వస్తుంది. పాతది తుడవకపోతే పాత ఇష్టాల ప్రకారమే వీడియోలు వరసకడతాయి.

ఫోన్లో ఉండే టైమర్లు పనిచేస్తాయా?

తోడుగా పనిచేస్తాయి, వాటినే నమ్ముకుంటే పనిచేయవు. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్‌లో ఒక్కో యాప్‌కు రోజువారీ పరిమితి పెట్టవచ్చు. సమయం అయిపోతే గుర్తు బూడిద రంగులోకి మారి, యాప్ తెరుచుకోదు, అర్ధరాత్రికి లెక్క మళ్లీ మొదలవుతుంది. చిక్కేమిటంటే టైమర్ తీసేయడానికి అరనిమిషం చాలు. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్‌లో యాప్ లిమిట్స్ ఉన్నాయి. అక్కడ ఇగ్నోర్ లిమిట్ అని కనిపిస్తుంది, దాన్ని నొక్కడం నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది. బ్లాక్ ఎట్ ఎండ్ ఆఫ్ లిమిట్ ఆన్ చేసి, స్క్రీన్ టైమ్ పాస్‌కోడ్‌ను భార్యో, భర్తో, స్నేహితుడో పెట్టేలా చూడండి. మీకు తెలియని పాస్‌కోడ్ ఒక్కటే గట్టి తాళం.

తెరను నలుపు తెలుపులోకి మార్చడం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, కానీ రాత్రిపూట అది బాగా పనిచేస్తుంది. రంగు లేని రీల్‌కు అంత పట్టు ఉండదు.

మొదటి మూడు రోజులు చెయ్యి దానంతట అదే ఫోన్ మీదికి పోతోంది. ఇది మామూలేనా?

మామూలే. మీ బలహీనత కాదది, ఆ తెరను అలా కట్టారు. అడుగు అంటూ లేకుండా జారుతూనే ఉండే పేజీని 2006లో అజా రాస్కిన్ అనే డిజైనర్ రూపొందించారు, తర్వాత దాని గురించి ఆయనే బహిరంగంగా విచారం వెలిబుచ్చారు. పుస్తకానికి అధ్యాయం ముగుస్తుంది, పత్రికకు చివరి పేజీ వస్తుంది, అక్కడ ఆగాలా వద్దా అని ఆలోచించే వీలుంటుంది. ఇక్కడ ఆ ఆగే చోటు తీసేశారు. పైగా ఏ జారుడుకు మంచి వీడియో వస్తుందో తెలియదు. ఎప్పుడు దక్కుతుందో తెలియని ఫలితం కోసమే చెయ్యి ఎక్కువసార్లు కదులుతుంది.

చేయగలిగింది ఏమిటంటే, చెయ్యి ఎప్పుడు పోతోందో రెండు రోజులు గమనించి రాయండి. బస్టాపులో, కుక్కర్ విజిల్ కోసం నిలబడ్డప్పుడు, భోజనం చేస్తూ, పడుకోబోయే ముందు, నిద్రలేవగానే. ప్రతిదానికీ చేతికి దొరికే మరో పని ముందే పెట్టి ఉంచాలి. వంటింట్లో రేడియో, సంచిలో సన్నని పుస్తకం, బస్సులో ఒకరికి ఫోన్. ఇన్‌స్టా గుర్తు ఉన్న చోటే డయలర్‌ను పెట్టండి, బొటనవేలికి ఆ చోటు తెలుసు.

పడకగది సంగతి విడిగా చెప్పాలి. చార్జర్‌ను హాల్లోకి మార్చండి. "అలారం కోసం ఫోన్ పక్కన ఉండాలి" అన్న మాట దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. టేబుల్ మీద పెట్టుకునే అలారం గడియారం కొనుక్కోండి. ఈ పేజీలో చెప్పిన పనుల్లో ఒక్కటే చేయగలిగితే ఇదే చేయమంటాం.

పోటీ పరీక్షలకు చదువుతున్నాను. నోటిఫికేషన్లు, మెటీరియల్ టెలిగ్రామ్‌లోనే వస్తాయి కదా?

నోటిఫికేషన్లు పుట్టేది ఏపీపీఎస్సీ, టీజీపీఎస్సీ అధికారిక వెబ్‌సైట్లలో. చానళ్లు చేసేది వాటిని మళ్లీ పంచడం, వాటి చుట్టూ పుకార్లు కలపడం. "వాయిదా పడుతుందట" అన్న ఒక్క మాట ఒక రోజు చదువును తినేస్తుంది. ఆదివారం ఉదయం పావుగంట అధికారిక సైట్లు చూడండి, దరఖాస్తు చివరి తేదీలు గోడ మీద రాయండి. మెటీరియల్ పీడీఎఫ్‌లు ఒక రోజు కూర్చుని దించుకుని, చానల్‌ను ఆర్కైవ్ చేయండి. దించుకున్నవే ఇప్పటికి చదవలేనన్ని ఉంటాయి.

ఈఏపీసెట్ రాసే పిల్లలకు కూడా ఇంతే. హాల్ టికెట్, కౌన్సెలింగ్ తేదీల వారాల్లో మాత్రం ఎస్సెమ్మెస్‌లు, ఈమెయిలు రోజూ చూడాలి.

చీరల వ్యాపారమో, పచ్చళ్ల వ్యాపారమో అందులోనే నడుస్తోంది. విరామం కుదురుతుందా?

ఖాతా మూయకూడదు, మీరు మాత్రం పక్కకు జరగవచ్చు. ఫేస్‌బుక్ పేజీకి నమ్మకస్తులైన మరొకరిని అడ్మిన్ చేయండి. పోస్టులను మెటా బిజినెస్ సూట్‌లో వారానికి సరిపడా ముందే షెడ్యూల్ చేయండి, ఆ యాప్‌లో ఫీడ్ మీ ముందుకు రాదు. వాట్సాప్ బిజినెస్‌లో ‘అవే మెసేజ్’ (Away message, మీరు లేనప్పుడు దానంతటదే వెళ్లే జవాబు) పెట్టి, "ఆర్డర్లు ఉదయం 10 నుంచి 12 వరకు చూస్తాం" అని రాయండి. డబ్బు పెట్టి నడుపుతున్న ప్రకటనలుంటే పాజ్ చేయండి. మీరు చూడకపోయినా వాటి ఖర్చు నడుస్తూనే ఉంటుంది, వచ్చిన ఎంక్వైరీలకు జవాబిచ్చేవారు ఉండరు. పండగ సీజన్లో కాక, ఆషాఢంలాంటి మందకొడి రోజుల్లో విరామం పెట్టుకోండి.

అమెరికా వీసాకు దరఖాస్తు చేస్తున్నాను. ఇప్పుడు ఖాతా డీయాక్టివేట్ చేయవచ్చా?

ఇంటర్వ్యూ అయి వీసా చేతికి వచ్చేదాకా వద్దు. డీఎస్‌-160 ఫారంలో గత అయిదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లన్నీ రాయాలి, ఇప్పుడు వాడకపోయినా సరే. విద్యార్థులకు, ఎక్స్ఛేంజ్ కార్యక్రమాల్లో వెళ్లేవారికి ఇచ్చే ఎఫ్, ఎం, జే వీసాలకు దరఖాస్తు చేసేవారు తమ ప్రొఫైళ్లను అందరికీ కనిపించేలా పబ్లిక్‌లో ఉంచాలని 2025 జూన్‌లో అమెరికా విదేశాంగ శాఖ ప్రకటించింది. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్‌-1బీ, హెచ్‌-4 వారికీ దాన్ని వర్తింపజేసింది. కనిపించకుండా పోయిన ఖాతా అనవసరమైన ప్రశ్నలకు తావిస్తుంది. మీకు సరిపోయేది మొదటి మెట్టు: ప్రొఫైల్ పబ్లిక్‌లో ఉంచి, లాగౌట్ చేసి, యాప్ తీసేయడం. ఫారంలో ఏ ఖాతా పేరూ వదిలేయకండి.

ఇంటర్ చదివే అబ్బాయి విరామం తీసుకునేలా ఎలా చేయాలి?

ఫోన్ లాక్కుంటే స్నేహితుడి ఫోన్లో లాగిన్ అవుతాడు. ఇంటిల్లిపాదికీ ఒకే నియమం పెడితేనే నిలుస్తుంది: రాత్రి 9.30కి అన్ని ఫోన్లూ హాల్లో చార్జింగ్‌కు, నాన్న ఫోన్‌తో సహా. వ్యవధి ఎంతో అతన్నే చెప్పనివ్వండి. ఇన్‌స్టాలో అతని వయసు సరిగా నమోదై ఉందో చూడండి. 18 లోపు వారికి టీన్ అకౌంట్ ఉంటుంది, రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు నోటిఫికేషన్లు ఆగిపోతాయి. తప్పుడు పుట్టినతేదీతో ఖాతా తెరిస్తే ఇవేవీ వర్తించవు.

నేను లేని సమయంలో నా పేరుతో నకిలీ ఖాతా తెరిస్తే?

నిజంగా జరిగేదే. మీ ఫొటో పెట్టి, "అర్జెంటుగా డబ్బు కావాలి" అని మీ స్నేహితులకు పంపుతారు. వెళ్లేముందు ఫేస్‌బుక్ ప్రొఫైల్ లాక్ చేయండి, ఫ్రెండ్స్ లిస్టు మీకు మాత్రమే కనిపించేలా పెట్టండి. నకిలీగాళ్లకు కావలసింది ఆ జాబితాయే. వీసా దరఖాస్తుదారులు లాక్ చేయలేరు కాబట్టి వారు జాబితాను మాత్రం దాచుకోవాలి. వాట్సాప్‌లో ఆరంకెల టూ స్టెప్ పిన్ పెట్టండి. డబ్బు అడిగితే తప్పనిసరిగా ఫోన్ చేసి కనుక్కోమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి.

మధ్యలో ఒకసారి చూసేశాను. మొదటి నుంచి లెక్కపెట్టాలా?

వద్దు. పైన చెప్పిన బాత్ అధ్యయనంలో విరామం తీసుకున్నవారు కూడా ఆ వారంలో సగటున 21 నిమిషాలు చూశారు, అయినా మేలు కనిపించింది. ఏ దారిన లోపలికి వెళ్లారో చూసుకుని ఆ దారి మూయండి. బ్రౌజరు అయితే పాస్‌వర్డ్ మార్చండి, ఒంటరితనం అయితే ఆ వేళకు ఒకరితో మాట్లాడే ఏర్పాటు చేసుకోండి.

మానేసి పది రోజులైంది. దిగులు తగ్గలేదు, నిద్ర పట్టడం లేదు.

అంటే ఫోన్ వెనక మరేదో ఉందన్నమాట. ఇన్నాళ్లూ దాన్ని స్క్రోలింగ్ కప్పి ఉంచి ఉండవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ వాడకమే అదుపు తప్పిందనిపిస్తే బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014 నుంచి దీనికోసమే ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే విరామం లెక్కలు పక్కనపెట్టి, ఇప్పుడే పక్కనున్న మనిషికి చెప్పండి.

గడువు అయిపోయింది. తిరిగి ఎలా వెళ్లాలి?

రాత్రి పడక మీద కాదు. పగటిపూట, వీలైతే కంప్యూటర్ మీద, అరగంట అలారం పెట్టుకుని. ముందు సెక్యూరిటీలో లాగిన్ చరిత్ర చూడండి, తెలియని పరికరం ఉంటే తీసేసి పాస్‌వర్డ్ మార్చండి. పేరుకుపోయిన నోటిఫికేషన్లన్నీ చదవాలని కూర్చోకండి, అన్నీ చదివినట్టు గుర్తుపెట్టి వదిలేయండి. మెసేజ్‌లలో మనుషులు మీకోసం రాసినవి మాత్రం చూసి జవాబివ్వండి.

తర్వాత ఫీడ్ కిందికి జారుతూ, ప్రతి పేరు దగ్గరా ఆగి, ఈ విరామంలో వీరు ఒక్కసారైనా గుర్తొచ్చారా అని మిమ్మల్ని మీరే అడగండి. రాని పేజీలను అన్‌ఫాలో చేయండి. మనుషులైతే అన్‌ఫ్రెండ్ చేయనక్కర్లేదు, అన్‌ఫాలో చాలు, వారికి తెలియదు. ఆర్కైవ్‌లో ఉన్న గ్రూపులను అక్కడే ఉంచండి. యాప్ మళ్లీ వేసుకోవాలా అన్నది ఒక వారం బ్రౌజరులో వాడి చూశాక తేల్చుకోండి. వేసుకుంటే మొదటిసారి తెరవగానే నోటిఫికేషన్లకు అనుమతి అడుగుతుంది, అక్కడ డోంట్ అలౌ నొక్కండి. చార్జర్‌ను హాల్లోనే ఉండనివ్వండి.